చెయ్యి అరిగిన చోటు

పెద్ద వరద వచ్చి పోయిన మూడో ఏడు అది. అంకె చెప్పమంటే చెప్పలేను. నా కొట్టు గోడ మీద నీళ్లు నిలిచిన గీత ఉంటుంది. ఆ ఏడు దాని మీద రెండోసారి సున్నం వేయించాను. నెల తిరక్కుండా గీత మళ్లీ పైకి తేలింది. అందుకని గుర్తు.

నాది హార్మోనియం పెట్టెలు బాగుచేసే పని. మా ఇంటావిడ పాటల బడిలో ముప్పై ఏళ్లు పెట్టె వాయించింది. వరద నాడు నేను పనిముట్ల కోసం నీళ్లలోకి దిగితే, ఆవిడ తన పెట్టెను నెత్తిన పెట్టుకుని మేడ ఎక్కింది. నా పనిముట్లు సగం కొట్టుకుపోయాయి. ఆవిడ పెట్టె మీద ఒక్క చుక్క పడలేదు. ఆ సంగతి ఏడాదికి పదిసార్లయినా ఎత్తిపొడిచేది.

మూడో ఏడు వానలకు ముందు ఆవిడకు ఎడమపక్క పక్షవాతం వచ్చింది. మూతి సర్దుకుంది. కాలు దారిలో పడింది. చెయ్యి మాత్రం పూర్తిగా తిరిగి రాలేదు. భుజం కదులుతుంది, మోచెయ్యి కాస్త వంగుతుంది, వేళ్లు పట్టవు. హార్మోనియానికి కుడిచెయ్యి మెట్ల మీద ఉంటే, ఎడమచెయ్యి పెట్టె వెనక్కి వెళ్లి తిత్తి కొట్టాలి. చెయ్యి అంత ఎత్తుకు లేచి, వెనక్కి తిరిగి, పాట అయ్యేదాకా అక్కడ నిలబడాలి. ఆవిడ చెయ్యి లేవదు, లేపితే నిలవదు.

పెట్టెకు గుడ్డ చుట్టి నా కొట్టుకు పంపేసింది.

"ఇంట్లో ఉంటే చోటు దండగ," అంది.

"చూస్తాలే, ఏదో ఒకటి బాగుచేస్తాను," అన్నాను.

"దానికేం రోగం, బాగుచెయ్యడానికి?"

నిజమే. దానికేమీ లేదు.

ఆవిడ ఏడవలేదు, ఎవరినీ తిట్టలేదు. పాట ఊసు మానేసింది, అంతే. పొయ్యి దగ్గర కూనిరాగం తియ్యకుండా కూర తరగని మనిషి, అదీ మానేసింది. డాక్టరు పిసకమని ఇచ్చిన రబ్బరు బంతిని పూలకుండీలో పడేసింది. నేను మాటకారిని కాను. ఇల్లు నిశ్శబ్దంగా ఉంటే నాకు హాయిగా ఉండాలి. లేదు.

మా కోడలిది కంప్యూటర్‌లో వాద్యాలు తయారుచేసే పని. కర్ర ఉండదు, తోలు ఉండదు, ఇత్తడి రేకు ఉండదు. తెర మీద బొమ్మ, దానికో చిన్న మెట్ల పలక, మధ్యలో తీగ. సింథ్ అంటారట. ఆ వానలకు రోడ్లు మునిగి, ఆఫీసువాళ్లు ఇంట్లోంచే చేసుకోమంటే, సరంజామా అంతా మా భోజనాల బల్ల మీద పరిచింది.

"అన్నం తినే బల్ల మీద ఈ తీగలేంటమ్మా," అంది మా ఆవిడ. "భోజనాల వేళకి తీసెయ్యి."

"అలాగే అత్తయ్యా."

రోజూ మధ్యాహ్నం తీగలు చుట్టడం, కంచాలు లేవగానే మళ్లీ పరచడం. పదిరోజులు అలాగే నడిచింది.

ఓ రోజు వాన ఎక్కువై నేను కొట్టు తియ్యలేదు. బల్లకు ఇవతల కూర్చుని కోడలి తెర చూస్తున్నాను. అక్షరాలు నాకు అందలేదు గానీ బొమ్మలు తెలిశాయి. వరసగా గుండ్రటి నాబులు. కింద ఇంకో వరస. దాని కింద ఇంకోటి.

"ఎన్నమ్మా అవి?"

"అరవై నాలుగు మామయ్యా."

"వాయించేవాడికి వేళ్లెన్ని?"

ఆ అమ్మాయి నవ్వింది. నవ్వి, కుర్చీ నా వైపు తిప్పుకుంది. "అదే గొడవ. మోత బాగుందనే అంటున్నారు అందరూ. వాయించమని ఇస్తే ఐదు నిమిషాలు తిప్పి చూసి పక్కన పెట్టేస్తున్నారు. చేతికి పట్టుబడటం లేదట."

"ఇది దేనికి?" ఒక నాబు చూపించాను.

"మోత పెంచడానికి."

"ఇది?"

"గొంతు కరుకెక్కడానికి. ఆ పక్కది స్వరం కాస్త పైకీ కిందికీ జరపడానికి. దాని పక్కది మోత ఎంత మెల్లగా మొదలవ్వాలో."

కాసేపు చూశాను. "తిత్తి గట్టిగా కొడితే మోత ఒక్కటే పెరగదమ్మా. గొంతు కరుకెక్కుతుంది. కింది స్వరాలు వెంట్రుకవాసి దిగుతాయి. లోపలి రీడు, అదే ఇత్తడి రేకు, తొందరగా పలుకుతుంది. ఆ నాలుగూ ఒక్క చేతిలో ఉంటాయి. నువ్వు నాలుగుచోట్ల పెట్టావు."

కోడలు పెన్ను తీసుకుంది. వంటింట్లోంచి మా ఆవిడ గొంతు వినిపించింది.

"ఆయన నోట్లోంచి మాట రావాలంటే తిత్తి కొట్టాలి. ఇవాళ ఎవరు కొట్టారో."

మూడు నెలల్లో ఆవిడ నోట తిత్తి అన్న మాట రావడం అదే మొదటిసారి. నేనూ కోడలూ ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. ఆ అమ్మాయి ఏమనుకుందో గానీ, మర్నాటి నుంచి ఆఫీసు పని ఆఫీసు పనిలాగా చెయ్యలేదు.

"అత్తయ్యా, మీరొకసారి వాయించి చూడండి."

"నాకున్నది ఒక్క చెయ్యి."

"ఒక్క చేత్తో వాయించేటట్టే చేస్తాను."

ముందు గాజుపలక మీద వేలితో జరిపే గీత ఒకటి పెట్టింది. గీత పైకి జరిపితే మోత పెరుగుతుంది. ఎడమచేతి వేళ్లు దాని మీద నిలవలేదు. తరవాత కాలితో తొక్కే మీట తెచ్చింది. మా ఆవిడ నాలుగుసార్లు తొక్కి కాలు తీసేసింది.

"కుట్టుమిషను తొక్కినట్టుంది. నేను పాట వాయించనా, జాకెట్లు కుట్టనా?"

కోడలు మొహం చిన్నబోయింది. నేను కలగజేసుకోలేదు. చేతికి ఏం కావాలో చెయ్యినే అడగాలి, కోడలు మనిషిని అడుగుతోందని మాత్రం అనిపించింది.

నా దగ్గరికి పెట్టె తెచ్చినవాళ్లను నేను ఏం రోగమని అడగను. వాళ్లు చెప్పేది ఒకటి ఉంటుంది, పెట్టెలో ఉండేది ఇంకొకటి. ముందు ఎక్కడ అరిగిందో చూస్తాను. ఏ మెట్టు మీద పాలిష్ పోయింది, తిత్తి పలక ఏ మూల నునుపెక్కింది. మనిషి మర్చిపోతాడు, చెయ్యి మర్చిపోదు. పెట్టె కొత్తదై అరుగుదల ఇంకా కనబడకపోతే, సుద్దపొడి చల్లి ఓ పాట వాయించమంటాను. పొడి ఎక్కడ చెదిరిందో అక్కడే పని ఉంటుంది.

కొట్టుకు వెళ్లి సుద్దపొడి డబ్బా తెచ్చాను. ఆవిడ బట్టలు మడుస్తుండగా బల్ల అంతా పల్చగా చల్లాను. బల్ల నల్లటిది, పొడి బాగానే కనబడింది. కోడలు నన్ను చూసింది. కూర్చుని, తనకొచ్చిన ఒకే ఒక పాట ఒంటి వేలితో వాయించడం మొదలుపెట్టింది. పిల్లలు మొదట నేర్చుకునే పాట. మూడో వరసలో తప్పింది. మళ్లీ మొదలుపెట్టి అక్కడే తప్పింది. కావాలని కాదు, ఆ అమ్మాయికి నిజంగానే రాదు.

మడిచిన చీర మంచం మీద పెట్టి మా ఆవిడ వచ్చింది.

"ఆ వేలు అక్కడ కాదు."

"నాకు చెయ్యడమే వచ్చత్తయ్యా, వాయించడం రాదు."

"వంట రానివాడు పొయ్యి కట్టినట్టుంది. జరుగు." కూర్చుంటూ బల్ల వంక చూసింది. "ఈ బూడిదేంటి?"

"తరవాత తుడుస్తాను," అన్నాను.

కోడలు గాలి దానంతటదే వచ్చేటట్టు పెట్టింది. మా ఆవిడ ఎడమచెయ్యి బల్ల అంచున వాల్చి, కుడిచేత్తో ఆ పాట చివరిదాకా వాయించింది. మళ్లీ ఓసారి వాయించింది. కిటికీ అవతల వాన. రెండోసారి సగంలో ఆపేసింది.

"పాటలో ఊపిరి లేదు. నా పాటకి తిత్తి ఎవడో కొడుతున్నట్టుంది," అని లేచి వెళ్లిపోయింది.

మేమిద్దరం బల్ల మీదికి వంగాం. కుడివైపు మెట్ల పలక ముందు పొడి చెదిరి ఉంది, అది ఉండేదే. ఎడమవైపు వేళ్లు ఆనిన చోట నాలుగు చుక్కలు, కదలని చుక్కలు. వాటికి ఇవతల, బల్ల అంచున, గరిటె బొజ్జంత మేర పొడి లేనే లేదు. ముందుకీ వెనక్కీ, ముందుకీ వెనక్కీ తుడిచినట్టు నున్నగా ఉంది. మణికట్టు కింద అరచేతి మడమ ఆనే చోటు.

"అత్తయ్య చెయ్యి కదల్లేదు కదా. నేను చూస్తూనే ఉన్నాను," అంది కోడలు.

"కదిలింది. ఆవిడక్కూడా తెలీదు."

గొడుగు తీసుకుని ఆ అమ్మాయిని కొట్టుకు తీసుకెళ్లాను. పక్క వీధే. ఆవిడ పెట్టె మీద గుడ్డ తీసి, వెనక్కి తిప్పాను. తిత్తి పలక పైఅంచున వేళ్లు పట్టిన చోట పాలిష్ కాస్త మాసింది. కింద, అరచేతి మడమ ఆనే చోట, పాలిష్ కిందనున్న కర్ర కూడా గుంటపడింది. అదే గరిటె బొజ్జ. ముప్పై ఏళ్లు ఆవిడ పక్కనే ఉండి, వేళ్లతో కొడుతుందనే అనుకున్నాను. వేళ్లు ఊరికే పట్టుకుని ఉండేవి. కొట్టింది మడమ.

కోడలు ఆ గుంటలో తన చెయ్యి పెట్టి చూసుకుంది. చిన్న చెయ్యి, సరిపోలేదు.

నాలుగు రోజుల్లో, తిత్తి బదులు నొక్కడానికి చిన్న కర్రపలక చేశాను. బల్ల అంచున పడుకుని ఉంటుంది, చెయ్యి ఎత్తక్కర్లేదు. అరచేతి మడమ కింద గుంట తీశాను. పలక ఎంత వంగిందో కంప్యూటర్‌కు చెప్పే బిళ్ల ఒకటి కోడలు కింద అంటించింది. భోజనాలప్పుడు తియ్యాలి కదా, అందుకని రెండు బిగింపులు పెట్టి బల్లకు పట్టించాను. చెయ్యి బలహీనంగా ఉందని నా దగ్గరున్న వాటిలో అన్నిటికంటే మెత్తని స్ప్రింగు వేశాను. కోడలూ అదే ఆలోచనతో, కాస్త తాకితేనే నిండుగా మోగేటట్టు పెట్టింది.

మా ఆవిడ కూర్చుంది. గుంటలో చెయ్యి పెట్టగానే ఒకసారి ఆగింది. తరవాత వాయించింది. రెండు వరసలు కాకముందే చెయ్యి తీసేసింది.

"దీంట్లో ఏమీ లేదు."

"ఏం లేదు?"

"ఎదురు లేదు. ఎంత నొక్కానో నా చేతికి తెలిస్తే కదా. పైగా చెయ్యి తీస్తే చాలు, మొహమ్మీద తలుపేసినట్టు పాట తెగిపోతోంది." నా వంక చూసింది. "పెట్టె చేశారనుకున్నాను. నా చేతికి జాలిపడి చేశారు మీరిద్దరూ."

గదిలోకి వెళ్లి తలుపు దగ్గరగా వేసుకుంది. ఆ మధ్యాహ్నం బల్ల మీద తీగలు తియ్యమని కూడా అనలేదు. ఎప్పుడూ అనే మాట అనకపోతే భయం వేస్తుంది. మాకే తోచి మేమే తీశాం.

కోడలు వంటింటి గడప మీద కూర్చుంది. "ఇంక వద్దు మామయ్యా. మళ్లీ కాదంటే ఆవిడ ఇంకెప్పుడూ కూర్చోరు."

"తలుపేసినట్టు తెగుతోందంది కదా. అది నీ వైపుది."

"చెయ్యి తీస్తే ఆగాలి కదా మరి?"

"పెట్టెలో రెండు తిత్తులుంటాయి. చెయ్యి కొట్టేది బయటిది. పాడేది లోపలిది. బయటిది గాలి తెచ్చి పోస్తుంది, లోపలిది దాచుకుని కాస్త కాస్త ఇస్తుంది. చెయ్యి ఆగినా పాట ఆగదు. నీ దాంట్లో లోపలి తిత్తి లేదు."

ఆ అమ్మాయి లేచి నిలబడింది. "ఎంతసేపు ఇస్తుంది?"

మళ్లీ కొట్టుకు వెళ్లాం. ఆవిడ పెట్టెకు గాలి నింపి ఒక మెట్టు నొక్కి పట్టుకున్నాను. కోడలు వేళ్లు మడుస్తూ లెక్కపెట్టింది. పదకొండు దాకా స్వరం నిలిచి, పన్నెండులో సన్నగిల్లింది. రెండు మెట్లు నొక్కితే ఆరు. మూడు నొక్కితే నాలుగు. అన్నీ రాసుకుంది. ఆ పెట్టె మోగి అప్పటికి నాలుగో నెల నడుస్తోంది. గొంతు మారలేదు.

"ఎదురు సంగతి మీ వైపుది," అంది వెళ్తూ.

కొట్టులో ఉన్న స్ప్రింగులన్నీ వేసి చూశాను. మెత్తనివి, గట్టివి, రెండు కలిపి కట్టినవి. గట్టిది వేస్తే మొదట్లో ఏమీ ఉండదు, చివర్లో బరువు. కొత్త ఉక్కు అంతే, పొగరెక్కువ. మూడో రోజు కోడలు అడిగింది.

"అత్తయ్య పెట్టెలో స్ప్రింగు ఎలాంటిది మామయ్యా?"

ఆ ప్రశ్న నాకు మొదటిరోజే తట్టింది.

ఆ స్ప్రింగు తిత్తి మడతల లోపల ఉంటుంది. అది రావాలంటే తోలు లేపాలి. ముప్పై ఏళ్ల తోలు, ఒకసారి లేస్తే పగులుతుంది, మళ్లీ అంటదు. కొత్త తోలు వెయ్యచ్చు, అప్పుడది వేరే పెట్టె. ఇదంతా తెలిసిన పని కాబట్టే మూడు రోజులు ఆ పెట్టె వైపు తిరగలేదు. నాలుగో రోజు పొద్దున్నే కొట్టు తలుపు లోపల గడియ పెట్టుకుని, కత్తి వేడిచేసి, జిగురు మెత్తబరిచి తోలు లేపాను. పగిలింది. స్ప్రింగు తీసి గుడ్డతో తుడిచాను. విరిచిన రెక్కలాంటి స్ప్రింగు, ఒకవైపు కాస్త వాలి ఉంది. ఆవిడ చెయ్యి ఎటు వాలేదో అటు. మిగతా పెట్టెకు మళ్లీ గుడ్డ చుట్టి పైఅరలో పెట్టాను.

ఇంటికి తెచ్చి పలక కింద బిగించాను. కోడలు అప్పటికి లోపలి తిత్తి పెట్టేసింది, కంప్యూటర్‌లో. తెర మీద అరవై నాలుగు నాబులూ లేవు. ఒక్క గీత ఉంది.

"మిగతావేవి?"

"ఉన్నాయి మామయ్యా. లోపల పెట్టాను, మీ పనిముట్ల పెట్టెలాగ. బాగుచేసేవాళ్లు తీసుకుంటారు. వాయించేవాళ్ల కళ్ల ముందు ఎందుకు?"

మా ఆవిడను పిలవడానికి ఇద్దరికీ నోరు రాలేదు. కోడలు కూర్చుని మళ్లీ ఆ పిల్లల పాటే మొదలుపెట్టింది. మళ్లీ మూడో వరసలోనే తప్పింది. గదిలోంచి చప్పుడు లేదు. మళ్లీ వాయించింది, మళ్లీ తప్పింది.

"ఆ అమ్మాయికి ఈ జన్మకి రాదు," అంటూ తలుపు తీసుకుని వచ్చింది.

కూర్చుంది. చెయ్యి గుంటలో పెట్టి, మెట్లు ముట్టుకోకుండా ఊరికే ఒకసారి నొక్కింది. వదిలింది. మళ్లీ నొక్కింది. కిందినుంచి పలక లేచే తీరు చేత్తో చూసుకుంటోంది.

"ఇది నా స్ప్రింగు."

"ఊఁ," అన్నాను.

"పెట్టె?"

"విప్పాను."

కోడలు నా వంకా ఆవిడ వంకా చూసి, తెర వైపు తిరిగింది. వాన చూరు మీంచి జారుతోంది.

"నీళ్లలోంచి నేను కాపాడుకొచ్చాను," అంది మా ఆవిడ. "మీరు పొడి నేల మీద ముంచారు."

కుడిచెయ్యి మెట్ల మీద పెట్టింది.

పిల్లల పాట కాదు. బడిలో సాయంత్రం చివర్లో వాయించేది ఒకటుంది, చాలా నిదానంగా నడుస్తుంది. అది ఎత్తుకుంది. అరచేతి మడమ అర అంగుళం కంటే ఎక్కువ కదల్లేదు. మధ్యలో చెయ్యి ఆగిపోయింది, అలసటకు. పాట ఆగలేదు. లోపలెక్కడో దాచుకున్న గాలి ఇస్తూనే ఉంది. సన్నబడుతుండగా ఆవిడ భుజం ముందుకు వంగింది, మళ్లీ నిండింది. నేను కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను.

అయ్యాక కోడలు పెన్ను తీసుకుంది. మా ఆవిడే అంది.

"గట్టిగా నొక్కితే కింది స్వరం దిగుతోంది."

"దిగదా మరి," అన్నాను. "నీ పెట్టె దిగేది."

"నా పెట్టె అంత దిగదు. సగం చెయ్యమ్మాయ్. మెట్లు మరీ మెత్తగా ఉన్నాయి, వెన్న పిసికినట్టు. ఇంకోటి, మొదట్లో ఆ చప్పుడేంటి?"

"ఏ చప్పుడు అత్తయ్యా?"

"విను." నొక్కింది. "అది."

కోడలు రాసుకుంటోంది. ఒక కాగితం అయిపోతే వెనక్కి తిప్పింది. మా ఆవిడ ఇంకా చెబుతూనే ఉంది. పాట ఊసే మానేసిన మనిషి.

మావాడు బస్సు డ్యూటీ దిగి వచ్చేసరికి మధ్యాహ్నం రెండు దాటింది. తలుపు దగ్గర తల తుడుచుకుంటూ బల్ల వంక చూశాడు. "అన్నం లేదా అమ్మా?"

"పక్కింట్లో అడుగు," అంది వాళ్లమ్మ, మెట్ల మీంచి కళ్లు తియ్యకుండా.

వాడు నన్ను చూశాడు. నేను కంచాలు తెచ్చి నేల మీద పెట్టాను. మేం తిన్నంతసేపూ ఆవిడ అదే వరస పట్టుకుని వాయిస్తోంది.

మర్నాడు పొద్దున్నే లేచి, బల్ల అంచున బిగింపులు రెండూ విప్పాను. చిల్లులు పొడిచే బర్మా తీసుకుని బల్లకు నాలుగు చిల్లులు పెట్టాను. మంచి బల్ల, మావాడి పెళ్లికి చేయించింది. చప్పుడుకు ఆవిడ లేచి వచ్చింది. పలక చిల్లుల మీద ఆనించి మొదటి స్క్రూ తిప్పుతుంటే పలక పక్కకు జరిగింది. ఆవిడ కుర్చీ లాక్కుని కూర్చుని, ఎడమచేతిని కుడిచేత్తో ఎత్తి, పలక మీద బరువుగా ఆనించింది. పలక కదల్లేదు. నాలుగు స్క్రూలూ బిగించాను.

"కంచాలెక్కడ పెట్టాలి ఇంక?" అంది.

కొట్టులోంచి నా పనిబల్ల తేవడానికి వెళ్లాను.